వెనక సీట్లోంచి చూసిన రోహ్‌తాంగ్

మనాలి నుంచి లేహ్ దాకా బైక్ మీద వెళ్లొచ్చాను అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "బండి నువ్వే నడిపావా?" అని. లేదు. నాకు బండి రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ దారంతా మావాడు నడిపాడు, నేను వాడి వెనక కూర్చున్నాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ఉత్సాహం సగం చల్లారిపోతుంది. వెనక కూర్చున్నవాడు చెప్పేదేముంటుందిలే అని వాళ్ల లెక్క. కానీ ఆ రోడ్డు మీద నడిపేవాడికి కనిపించేది గుంతలే. ఒక గుంత, దాన్ని తప్పించబోతే ఇంకో గుంత, ఎదురుగా లారీ. కొండలు, నదులు, మబ్బులు, పొలాలు అన్నీ వెనకవాడి వాటా. మావాడు ఇప్పటికీ ఏదో ఒకటి గుర్తురాక ఫోన్ చేస్తాడు. "ఒరేయ్, ఆ జలపాతం ఎక్కడరా మనం చూసింది?" అంటాడు. మనం కాదు నాయనా, నేను చూశాను.

అది 2011 జూలై. అటల్ టన్నెల్ ఇంకా లేదు. అంతకు ముందు ఏడాది జూన్‌లోనే దానికి శంకుస్థాపన జరిగింది. అప్పట్లో దాన్ని రోహ్‌తాంగ్ టన్నెల్ అనేవాళ్లు. అది పూర్తయి జనానికి అందుబాటులోకి వచ్చేసరికి 2020 అక్టోబరు అయింది. కాబట్టి మేం వెళ్లినప్పుడు లాహౌల్ లోయలోకి దిగాలంటే 3,978 మీటర్ల ఎత్తున రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలో దూరి, పాట ఒకటో రెండో అయ్యేలోపు అవతల తేలుతున్నారు. మొన్న ఒకాయన కారులో వెళ్లొచ్చి, "మొదటి రోజు పెద్దగా చూడ్డానికేం లేదండీ, అసలు ట్రిప్పు రెండో రోజు నుంచే" అన్నాడు. ఆయన్ని అనుకుని లాభం లేదు. ఆయన వెళ్లిన దారిలో అది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ ట్రిప్పంతా ఒక ఎత్తు, మొదటి రోజొక్కటీ ఒక ఎత్తు.

బండి మనాలిలో అద్దెకు తీసుకున్నాం. 350 సీసీ బుల్లెట్, కార్బొరేటర్ బండి. ముందురోజు సాయంత్రం మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, బ్రేకులు నొక్కి, చెయిన్ పట్టి చూసి, హారన్ మూగబోయిందని మార్పించాడు. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, రెండు ప్లగ్గులు, ట్యూబులు, పంక్చర్ కిట్, చిన్న పంపు అన్నీ ఒక సంచిలో సర్దాడు. నా పని ఆ సంచిని గుర్తుపెట్టుకోవడం.

అక్కడి మెకానిక్ ఒకతను మా ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో దాదాపు అరవై శాతమే. పాపం కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు. కింద ఎంత పెట్రోలు వదిలేదో పైన కూడా ఇంచుమించు అంతే వదులుతుంది. దాన్ని మండించడానికి చాలినంత గాలి ఉండదు. దాంతో బండి దగ్గుతుంది, నల్లపొగ వదులుతుంది, ప్లగ్గుకి మసి పట్టి ఆగిపోతుంది. "బండి ఆగితే కంగారు పడొద్దు, ప్లగ్గు తీసి తుడవండి" అన్నాడు. అని, నా వైపు చూసి, "ఎత్తు ఎక్కువున్నచోట మీరు దిగి నడవాల్సి రావచ్చు" అన్నాడు. నా బరువు చూసి అన్నాడో, అందరికీ చెప్పేదే చెప్పాడో అడగలేదు.

నాలుగింటికి బయల్దేరాలని అనుకున్నాం. ఎందుకంటే తెల్లారితే మంచు చూడ్డానికి పోయే టూరిస్టు ట్యాక్సీలన్నీ ఒక్కసారిగా పైకి ఎక్కుతాయి. తర్వాతి సంవత్సరాల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకుని రోజుకి ఇన్ని బండ్లే అని పర్మిట్లు పెట్టించింది గానీ, అప్పుడు అలాంటి హద్దేమీ లేదు. లగేజీ కట్టడంలోనే గంట పోయింది. కట్టిన తాళ్లు విప్పి మళ్లీ కట్టాం, ఎందుకంటే రెయిన్‌కోట్లు అట్టడుగున పెట్టేశామని చినుకులు పడ్డాకే తెలిసింది. ఐదు దాటాక కదిలాం. ఊరు దాటగానే రోడ్డు పక్కన వరసగా కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు. వాటికి పేర్లకంటే నంబర్లే పెద్దగా రాసుంటాయి. అంత పొద్దున్నే తలుపులు తీసి కూర్చున్నారు. ఎరుపు, పసుపు రంగుల ప్లాస్టిక్ కోట్లు తలల్లేని మనుషుల్లా కొక్కేలకి వేలాడుతున్నాయి.

కోఠీ దాటేసరికి మబ్బులోకి వెళ్లిపోయాం. వాన అని చెప్పలేం, పొగమంచు అనీ చెప్పలేం. హెల్మెట్ అద్దం మూస్తే లోపల ఆవిరి, తీస్తే కళ్లల్లో నీళ్లు. మావాడు ఎడమచేత్తో అద్దం తుడుచుకుంటూ, కుడిచేత్తో నడుపుతున్నాడు. బండి హోరులో మాటలు వినపడవు కాబట్టి ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాం. కుడి భుజం మీద ఒకసారి తడితే ఫొటో కోసం ఆపమని. రెండుసార్లు తడితే వెనక బండి హారన్ కొడుతోందని. వీపు మీద గుద్దితే, ఇక నా వల్ల కాదు, కాళ్లు చాపుకోవాలి అని. గులాబా మలుపుల్లో నేను కుడి భుజాన్ని ఒక్కొక్కసారి చొప్పున తడుతూనే ఉన్నాను. దేవదారు చెట్ల మధ్య మబ్బు విడిపోయి, కింద ఎక్కడో బియాస్ నది తెల్లటి గీతలా కనిపించి, ఫొటో తీసేలోపు మళ్లీ మూసుకుపోతోంది. వాడు మొదటి రెండుసార్లు ఆపాడు. తర్వాత భుజం విదిలించుకోవడం మొదలుపెట్టాడు.

మఢీ దగ్గర ఆగి టీ తాగాం. అక్కడ చెట్లు అయిపోతాయి. గడ్డి కొండలే ఉంటాయి. ధాబాలో లేహ్ వైపు వెళ్లే కుర్రాళ్లు కొందరు కనిపించారు, వాళ్లవీ బుల్లెట్లే. మోకాళ్లకి ప్యాడ్లు, చేతులకి గట్టి గ్లవ్స్, ఒకడి హెల్మెట్ మీద కెమెరా. మావాడు పాత జీన్స్ మీద రెయిన్ ప్యాంటు తొడుక్కుని ఉన్నాడు. వాళ్లని చూసి కాసేపు మా ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది. "ఈ రాత్రికి సర్చూలో ఉంటాం, మీరూ వచ్చేయండి, కలిసి పోదాం" అన్నారు. నేను సరే అనబోయాను. మావాడు "చూద్దాం" అన్నాడు. వాడు చూద్దాం అంటే కుదరదని అర్థం.

మఢీ దాటాక రోడ్డు అనేది పేరుకే. వెడల్పు చేసే పనులు జరుగుతున్నాయి, పైనుంచి వాన. మట్టీ నీళ్లూ కలిసి, సిమెంటు కలిపి ఆరబోసినట్టు రోడ్డంతా బురద. మలుపు తిరగ్గానే ముందు వరసగా ఆగిపోయిన బండ్లు కనిపించాయి. ఎక్కడో పైన ఒక లారీ దిగబడిందట. ట్యాక్సీల్లోంచి జనం దిగి, అద్దె కోట్లలోనే ఆ బురదలో ఫొటోలు దిగుతున్నారు. బైకులకి ఇదొక సుఖం, సందుల్లోంచి దూరిపోవచ్చు. మావాడు లారీకీ కొండకీ మధ్య ఉన్న జాగాలోంచి పోనిస్తుంటే, నా మోకాలికీ లారీ చక్రానికీ మధ్య ఇంకో మోకాలు పట్టేంత సందు కూడా లేదు. కళ్లు మూసుకున్నాను. వెనక సీటుకి ఉన్న సౌకర్యాల్లో అదొకటి.

ఆ తర్వాతి మలుపులో మా వంతు వచ్చింది. వెనక చక్రం ఇరుసు దాకా బురదలో కూరుకుపోయింది. నేను దిగాను. దిగిన కాలు చీలమండ దాటి లోపలికి పోయింది. తీస్తే కాలు వచ్చింది, బూటు రాలేదు. చేత్తో తవ్వి తీసుకున్నాను. వాడు గేరు వేసి రేజ్ చేస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి, బురదంతా నా మొహాన కొట్టింది. క్లచ్ కాలుతున్న వాసన. "తొయ్యరా!" అని వాడు ముందునుంచి అరుపు. "తోస్తూనే ఉన్నారా!" అని నేను. నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసం వచ్చే ఎత్తది, ఇక తొయ్యడం అంటే చెప్పేదేముంది. చివరికి ఆగిన లారీలోంచి ఒక క్లీనర్ కుర్రాడు దిగొచ్చాడు. మమ్మల్ని పక్కకి జరగమని, రోడ్డు వారన ఉన్న పలక రాళ్లు ఏరుకొచ్చి చక్రం కింద ఒకటి, ముందు రెండు పేర్చాడు. "రేజ్ చేయకు, మెల్లగా క్లచ్ వదులు" అన్నాడు మావాడితో. తను ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. బండి రాళ్ల మీదికి ఎక్కి, ఒక్క ఊపుతో బయటపడింది. థాంక్స్ చెబుదామని వెనక్కి తిరిగేసరికి అతను అప్పుడే వెనక ఉన్న ఇంకో బండి దగ్గర రాళ్లు సర్దుతున్నాడు. బహుశా ఆ రోజంతా అదే పని చేసి ఉంటాడు.

మెకానిక్ చెప్పింది అక్షరాలా జరిగింది. పైకి ఇంకో రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. మావాడు స్పానర్ తీసి ప్లగ్గు విప్పాడు. చూస్తే కాటుక పట్టించినట్టు నల్లగా ఉంది. అప్పుడే విప్పిన ప్లగ్గు కదా, కాలిపోతోంది. దాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, "పట్టుకో, కొత్తది వేస్తా" అన్నాడు. తడిసిన గ్లవ్స్ ఎప్పుడో తీసేశాను, వేళ్లకి స్పర్శ లేదు. ఆ గుడ్డలోని ప్లగ్గుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పుతూ నిలబడ్డాను. కాసేపటికి వేళ్లు నావే అనిపించాయి. "ఏదీ, అది కూడా ఇటివ్వు" అని వాడు చెయ్యి చాపితే, ఇంకో నిమిషం ఆగి ఇచ్చాను. తర్వాత ఇద్దరం ఆ ప్లగ్గుని మార్చి మార్చి పట్టుకున్నాం, అది చల్లారిపోయేదాకా. ట్రిప్పు మొత్తంలో ఇంత హాయిగా ఉన్న క్షణం ఇంకోటి ఉందా అంటే గట్టిగా చెప్పలేను.

కనుమ మీద గొప్ప దృశ్యాలేమీ కనపడలేదు. జూలై కదా, అక్కడక్కడా మట్టి కొట్టుకుపోయిన మంచు ముక్కలు. వాటి చుట్టూ జనం, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు. బియాస్ నది పుట్టుక అక్కడేనని ఒక గుడి ఉంది. ఇవతల బియాస్, అవతల దిగితే చంద్రా నది. ఒకటి దక్షిణానికి, ఇంకోటి వాయవ్యానికి పోయి, ఎన్నో వందల కిలోమీటర్లు తిరిగి, చివరికి రెండు నీళ్లూ సింధులోనే కలుస్తాయి. ఈ ముక్క మావాడికి చెబితే, "ముందు నువ్వు ఎక్కు, బండి ఆఫ్ అయిపోతే మళ్లీ కిక్కు కొట్టలేను" అన్నాడు.

అవతలి వైపు దిగడం మొదలుపెట్టిన కాసేపటికే ఆ వింత కనిపించింది. ఇది పుస్తకాల్లో చదివితే తలకెక్కేది కాదు. పీర్ పంజాల్ కొండలు ఋతుపవనాల మబ్బుల్ని చాలావరకు ఇవతలే ఆపేస్తాయి. అందుకే ఆ అంచుకి ఇటు పచ్చదనం, వాన, బురద. అటు పొడి కొండలు, నీలం ఆకాశం, కళ్లు చెదిరే ఎండ. మా రెయిన్‌కోట్ల మీద నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి, చుట్టుపక్కల వాన ఆనవాలే లేదు. వెనక్కి తిరిగి చూస్తే, మేం దాటొచ్చిన కనుమ మీద మబ్బు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. మావాడి వీపు మీద గట్టిగా గుద్దాను. పాపం, నాకేదో అయిందనుకుని ఠక్కున ఆపాడు. "వెనక్కి చూడు" అన్నాను. తిట్టడానికి నోరు తెరిచినవాడు, చూసి, ఏమీ అనకుండా హెల్మెట్ తీసేశాడు.

గ్రాంఫూ దగ్గర దారి చీలుతుంది. కుడికి పోతే స్పితి, కాజా. ఎడమకి మా దారి. ఖోక్సర్‌లో పోలీసు చెక్‌పోస్టు, అక్కడ రిజిస్టర్‌లో పేర్లు రాయాలి. పేరు, బండి నంబరు, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి. మావాడు వేళ్లు వంగక రాయలేకపోతే ఇద్దరివీ నేనే రాశాను. పైనున్న పేర్లు చదువుతూ నిలబడ్డాను. పుణె, కొచ్చి, కోల్‌కతా, ఇంకా ఏవేవో విదేశాల పేర్లు. మఢీలో కలిసిన కుర్రాళ్లు మాకంటే ముందే వెళ్లిపోయారు. రాజ్మా అన్నం పెట్టించుకుని, బూట్లు విప్పి ఎండలో పెట్టి, సాక్సులు రాళ్ల మీద ఆరేసి, ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. ఆకలి అంత తీవ్రంగా ఉన్నప్పుడు రుచి గురించి చెప్పేది నమ్మకూడదు కాబట్టి చెప్పను.

అక్కణ్ణుంచి చంద్రా నది వెంబడి దారి. నీళ్లు బూడిద రంగులో, సిమెంటు కడిగిన నీళ్లలా. హిమానీనదాలు రాళ్లని అరగదీసిన పిండి కొట్టుకొస్తుంది కాబట్టి ఆ రంగు. సిస్సూ దగ్గర నదికి అవతల కొండ మీంచి దూకే జలపాతం, మావాడు ఫోన్ చేసి అడిగేది ఇదే. నది పక్కన చదునుగా ఉన్న ప్రతి అంగుళంలోనూ పొలాలు. బఠాణీలు, బంగాళాదుంపలు. వాన పడని చోట ఇంత పచ్చగా ఎలా ఉందా అనుకున్నాను. పైన మంచు కరిగిన నీళ్లని సన్నటి కాలవల్లో కొండ అంచు వెంబడి మళ్లించి తెచ్చుకుంటారు. కూల్ అంటారు వాటిని. కాలవ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకా పచ్చదనం, అది దాటితే బోడి కొండ. రోడ్డు పక్కన ఆడవాళ్లు బఠాణీ కాయలు గోనెసంచుల్లోకి కూరుతున్నారు. మేం ఆగి దారి అడిగితే, దారి సంగతి తర్వాత అన్నట్టు దోసిలినిండా కాయలు నా జేబులో పోశారు. తియ్యగా ఉన్నాయి. వెనక కూర్చుని ఒక్కొక్కటే ఒలిచి, చెయ్యి ముందుకి చాపి మావాడి హెల్మెట్ లోపలికి అందిస్తూ పోయాను. సగం రోడ్డు మీద పడ్డాయి.

తండీలో చంద్రా, భాగా కలుస్తాయి. అక్కణ్ణుంచి దాని పేరు చంద్రభాగ, కిందికి పోయాక చీనాబ్. మాకు మాత్రం తండీ అంటే పెట్రోల్ బంకు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే అని అక్కడ పెద్ద బోర్డు పెట్టారు. దాని పక్కన నిలబడి ఫొటో దిగనివాడు ఉండడు, మేమూ దిగాం. తర్వాత బంకు గట్టు మీద కూర్చుని లెక్కలేశాం. ట్యాంకులో పద్నాలుగు లీటర్ల దాకా పడుతుంది. కింద లీటరుకి ముప్ఫై ఇచ్చినా, ఇద్దరం, లగేజీ, ఎత్తు, బురద, అంతా చూసుకుంటే పాతికే అనుకోవాలి. పాతిక పద్నాలుగులు మూడొందల యాభై. చాలదు. ఐదు లీటర్ల డబ్బాలు రెండు నింపించాం. ఒక డబ్బా మూత సరిగ్గా బిగియడం లేదు, పెట్రోలు చెమ్మగా ఊరుతోంది. బంకులో పనిచేసే ముసలాయన ఒక పాలిథిన్ కవరు చింపి, నాలుగు మడతలు పెట్టి మూత లోపల పరిచి, తన బలమంతా పెట్టి బిగించి, డబ్బాని తలకిందులుగా ఎత్తి చూపించాడు. చుక్క రాలేదు. ఆ డబ్బా నా కాలి పక్కనే కట్టాం. ఆ వాసన లేహ్ దాకా నన్ను వదల్లేదు.

కేలాంగ్‌లో ఫోన్ బూత్ వెతుక్కుని ఇళ్లకి ఒక్కో నిమిషం మాట్లాడాం. "రోడ్డు బాగుందా?" అని అటునుంచి. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు మావాడు, చెవిలో బురద అలాగే ఉంది. ఇంకా పొద్దుంది. సర్చూ దాకా పోవచ్చనే ఆశ నాకింకా పోలేదు. వాడు మాత్రం జిస్పా దాటి అంగుళం కదలనన్నాడు. వాడి వాదన ఇదీ. మనాలి రెండు వేల మీటర్లు. సర్చూ దగ్గర దగ్గర 4,300. మూడు వేలు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి ఐదొందల మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెబుతారు. మధ్యలో బారాలాచా లా కనుమ 4,890. "పగలు ఎంతెత్తు ఎక్కినా ఫర్వాలేదురా, రాత్రి ఎక్కడ పడుకున్నాం అన్నదే లెక్క" అన్నాడు. నడిపేవాడు వాడు, ఇక నేనేం మాట్లాడతాను. అప్పటికే నా కణతలు పోటెత్తుతున్నాయి, అది మాత్రం చెప్పలేదు. ఆ కుర్రాళ్లు సర్చూ చేరారో లేదో, చేరి ఎలా పడుకున్నారో తెలియదు. మళ్లీ కనపడలేదు.

జిస్పాలో భాగా నది ఒడ్డున ఒక చిన్న గెస్ట్‌హౌస్. బకెట్‌తో వేడినీళ్లు ఇచ్చారు. ముందు ఎవరు స్నానం చేయాలని వాదన వచ్చి, బండికే ముందు చేయిద్దామని మావాడు చెయిన్ కడిగి నూనె వేశాడు. అన్నం తింటూ మర్నాటి లెక్కలు మొదలయ్యాయి. పైన దారికి అడ్డంగా పారే వాగులుంటాయి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి అవి ఉప్పొంగుతాయి. కాబట్టి పొద్దున్నే దాటేయాలి. వాడు నాలుగున్నరకి లేవాలన్నాడు. నేను ఆరు అన్నాను. వాగుల గురించి మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. నేను నా మోకాళ్ల గురించి చెప్పాను. ఐదింటికి ఒప్పందం కుదిరింది. వాడు సెల్‌లో అలారం పెట్టాడు, పొరపాటున మోగకపోతే అని నా సెల్‌లోనూ పెట్టించాడు. రెండూ మోగాయట, పక్కగదివాళ్లు చెప్పారు. మేం లేచేసరికి ఆరున్నర.